కడుపులోని యాసిడ్‌ని ప్రోబయోటిక్ బ్యాక్టీరియా ఎలా తట్టుకుంటాయి?

మీరు అడిగింది ఇదీ: కడుపులో పీహెచ్ (యాసిడ్ ఘాటుని చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత ఘాటు) 2 దాకా పడిపోతుంది, అంత యాసిడ్‌లో సూక్ష్మజీవులు చచ్చిపోతాయనే చిన్నప్పటి నుంచి చదువుకున్నాం, మరి పెరుగులోనో క్యాప్సూల్‌లోనో మింగిన ప్రోబయోటిక్ (ఒంటికి మేలు చేస్తాయని తీసుకునే) బ్యాక్టీరియా ప్రాణాలతో పేగుల దాకా ఎలా చేరతాయి, ఇందులో నిజమెంత, పరగడుపున వేసుకోవాలా తిన్నాక వేసుకోవాలా, క్యాప్సూల్ విప్పి నీళ్లలో కలుపుకోవచ్చా.

సూటిగా చెప్పాలంటే చేరతాయి. కానీ మింగినవన్నీ చేరవు, అన్ని రకాలూ చేరవు. తట్టుకునే రకాలు ఎందుకు తట్టుకుంటాయంటే, తమ లోపలికి చొరబడే యాసిడ్‌ని శక్తి ఖర్చుపెట్టి ఎప్పటికప్పుడు బయటికి తోడిపోస్తుంటాయి. ఆ శక్తికి ఇంధనం దొరికినంతసేపు నిలబడతాయి, అది అయిపోతే పడిపోతాయి. ఇంధనం దొరకాలన్నా, యాసిడ్ ఘాటు కాస్త తగ్గాలన్నా కడుపులో తిండి ఉండాలి. అందుకే చాలా రకాలకి పరగడుపు కంటే భోజనంతో పాటో, భోజనానికి కొద్దిగా ముందో మంచి సమయం. క్యాప్సూల్ విప్పడం గురించి చివర్లో చెప్తాను, దానికి ఒక షరతు ఉంది.

నేను పద్నాలుగేళ్లుగా ఈ కల్చర్లతోనే, అంటే ల్యాబ్‌లో పెంచే బ్యాక్టీరియాతోనే పనిచేస్తున్నాను. యాసిడ్‌లో ఎన్ని బతికాయో లెక్కపెట్టడం నా రోజువారీ పనుల్లో ఒకటి. కింద రాసేది చాలావరకు ఆ ల్యాబ్ బల్ల దగ్గర నేర్చుకున్నదే.

ముందు, యాసిడ్ అసలు ఎలా చంపుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. యాసిడ్ అంటే ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ అయాన్లు. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ప్రోటాన్లు పది రెట్లు పెరుగుతాయి. బ్యాక్టీరియా కణం లోపల పీహెచ్ మామూలుగా 6కీ 7కీ మధ్య ఉంటుందనుకుంటే, బయట పీహెచ్ 2 ఉన్నప్పుడు లోపలికంటే బయట ప్రోటాన్లు పదివేల నుంచి లక్ష రెట్లు ఎక్కువ. అంత ఒత్తిడితో అవి పొరలోని సందుల్లోంచి లోపలికి తోసుకొస్తుంటాయి. లోపల పీహెచ్ పడిపోగానే ఎంజైములు పనిచేయడం తగ్గుతుంది, ప్రోటీన్లు ఆకారం తప్పుతాయి, డీఎన్ఏ నుంచి అడినిన్, గ్వానిన్ ముక్కలు ఊడిపోవడం మొదలవుతుంది. చక్కెరని విరగ్గొట్టి శక్తి తీసే ఎంజైములు కూడా ఆగిపోయాయంటే ఆ కణం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఇక తోడిపోయడానికి బలం ఉండదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. యాసిడ్లన్నీ ఒకే గాటన కట్టకూడదు. కడుపులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, అది నీళ్లలో పూర్తిగా విడిపోతుంది కాబట్టి దాని ప్రోటాన్లు పొరని దాటడానికి కాస్త కష్టపడాలి. లాక్టిక్, ఎసిటిక్ లాంటి బలహీనమైన యాసిడ్లు అలా కాదు, పూర్తిగా విడిపోని రూపంలో పొరలోంచి నేరుగా జారిపోయి లోపలికెళ్లాక విడిపోతాయి. లాక్టిక్ యాసిడ్ పీహెచ్ 3.86 దగ్గర సగం ఈ రూపంలోనే ఉంటుంది. అందుకని ఒకే పీహెచ్‌లో రెండు రకాల యాసిడ్లు పెట్టి చూస్తే ఫలితాలు వేరేగా వస్తాయి. “మా కల్చర్ పీహెచ్ 3.5ని తట్టుకుంటుంది” అని ఎవరైనా చెప్తే నేను అడిగే మొదటి ప్రశ్న, ఏ యాసిడ్‌తో, ఎంతసేపు అని.

తోడిపోసే పంపు. ప్రోబయోటిక్స్‌లో ఎక్కువగా వాడే లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా రకాల్లో ప్రధాన ఆయుధం పొరలో కూర్చున్న ఒక పెద్ద ఎంజైమ్, పేరు ఎఫ్‌జీరో ఎఫ్‌వన్ ఏటీపీయేజ్. మన కణాల్లో ఇలాంటిదే ఏటీపీని, అంటే కణం తన పనులకి ఖర్చుపెట్టే శక్తి అణువుని తయారుచేస్తుంది. శ్వాస వ్యవస్థ లేకుండా చక్కెరని పులియబెట్టుకుని బతికే ఈ బ్యాక్టీరియాలో మాత్రం అది తిరగేసి పనిచేస్తుంది, అంటే ఏటీపీని ఖర్చుపెట్టి ప్రోటాన్లని బయటికి నెడుతుంది. చిల్లుపడ్డ పడవలో కూర్చుని నీళ్లు తోడిపోస్తున్న మనిషిని ఊహించుకోండి. చిల్లు పూడదు, నీళ్లు రావడం ఆగదు, తోడేవాడికి తిండి పెట్టినంతసేపు పడవ తేలుతుంది.

ఈ పోలిక నాకు మొదట్లోనే అనుభవమైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ స్ట్రెయిన్‌ని, అంటే ఆ జాతిలోని ఒక ప్రత్యేక వంశాన్ని పరీక్షించమన్నారు. కణాల్ని రెండుసార్లు కడిగి, ఉత్త ఉప్పునీళ్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపి పీహెచ్ 2కి తెచ్చి, అందులో గంటన్నర ఉంచాను. బతికినవాటిని పెంచి లెక్కపెట్టే ప్లేట్ల మీద ఒక్క కాలనీ (కణాల గుంపు) రాలేదు. అప్పటికే మనుషుల్లో బాగా పరీక్షించిన స్ట్రెయిన్ అది, మలంలో సజీవంగా దొరికిందని కూడా తెలుసు, మరి నా పరీక్ష గొట్టంలో ఎందుకు చచ్చిందో అర్థం కాక చాలా టెన్షన్ పడ్డాను. మా సీనియర్ మేడమ్ నా నోట్‌బుక్ చూసి, “వాటికి తినడానికి ఏం పెట్టావు?” అని ఒకే ప్రశ్న అడిగారు. మర్నాడు అదే ద్రవంలో కొద్దిగా గ్లూకోజ్ కలిపి చేశాను. ప్లేట్ల నిండా కాలనీలు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. 2005లో ఐర్లాండ్ పరిశోధకులు లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ మీద ఇదే విషయాన్ని పద్ధతిగా చూపించారు. పీహెచ్ 2 ఉన్న కృత్రిమ జఠరరసంలో 90 నిమిషాల తర్వాత, గ్లూకోజ్ ఉన్న గొట్టంలో బతికినవి గ్లూకోజ్ లేని గొట్టంలో కంటే పది లక్షల రెట్లకు పైగా ఎక్కువ. చక్కెరని విరగ్గొట్టే దారిని రసాయనంతో మూసేస్తే ఆ మేలు పోయింది. అంటే గ్లూకోజ్ ఏదో కవచంలా కప్పడం లేదు, అది ఏటీపీగా మారి పంపుని నడపాల్సిందే. ఆ బ్యాక్టీరియా వాడుకోలేని చక్కెర పెడితే ప్రయోజనం లేదు.

అలాగని క్యాప్సూల్‌తో పాటు చక్కెర తినమని నేను చెప్పడం లేదు. మామూలు భోజనంలో ఆ పని చేసే పదార్థం ఎలాగూ ఉంటుంది. ఇంకోటి, పంపుకీ ఒక హద్దు ఉంది. నేను చూసినంతలో పీహెచ్ 1.5 కిందికి పోయిందంటే గ్లూకోజ్ పోసినా మంచి మంచి స్ట్రెయిన్లే ఎక్కువసేపు నిలవవు.

పంపు కాకుండా మరికొన్ని దారులున్నాయి. కొన్ని లాక్టోబాసిల్లస్ రకాలు, లాక్టోకాకస్ లాక్టిస్ కూడా, గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లాన్ని లోపలికి తెచ్చుకుని గాబా అనే మరో పదార్థంగా మారుస్తాయి. ఆ మార్పులో ఒక ప్రోటాన్ ఖర్చయిపోతుంది, గాబా బయటికి వెళ్తూ ఇంకో గ్లుటమేట్‌ని లోపలికి రానిస్తుంది. అంటే ప్రోటాన్‌ని బయటికి మోయడానికి బదులు ఉన్నచోటే మాయం చేస్తుంది. రియుటెరి, బ్రెవిస్ లాంటి కొన్ని లాక్టోబాసిల్లస్‌లలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టే దారి ఉంది, అది నాకు చాలా ఇష్టమైనది, ఎందుకంటే ఒక్క ఆర్జినిన్ అణువు నుంచి రెండు అమోనియాలు, పైగా ఒక ఏటీపీ వస్తాయి. అమోనియా ప్రోటాన్లని పట్టేసుకుంటుంది, ఏటీపీ పంపుకి వెళ్తుంది, ఒకే దెబ్బకి రెండు పనులు. ప్లాంటారమ్ లాంటివి మాలిక్ యాసిడ్‌ని లాక్టిక్ యాసిడ్‌గా మార్చి ఘాటు తగ్గిస్తాయి. స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ యూరియాని విరగ్గొట్టి అమోనియా తీస్తుంది. ప్రోబయోటిక్ కాకపోయినా ఇక్కడ హెలికోబాక్టర్ పైలోరీని చెప్పుకోవాలి, ఈ యూరియా పద్ధతిలో దాన్ని మించింది లేదు. అది కడుపుని దాటి పోవడం కాదు, ఏకంగా కడుపులోనే కాపురం పెడుతుంది. కడుపులో ఏదీ బతకదని చాలాకాలం నమ్మిన వైద్యులకి, అది కడుపులో జబ్బు తెస్తుందని చూపించడానికి ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాని తానే తాగారు. సహ పరిశోధకుడు రాబిన్ వారెన్‌తో కలిపి ఆయనకి 2005లో నోబెల్ వచ్చింది.

ఈ దారుల్లో ఏది ఏ స్ట్రెయిన్‌లో ఉందనేది జాతి పేరుని బట్టి చెప్పలేం. ఒకే జాతిలో ఒక స్ట్రెయిన్‌కి ఆర్జినిన్ దారి ఉంటుంది, పక్కదానికి ఉండదు. అందుకే నేను ఎవరికైనా జాతి పేరు కాదు, దాని వెనక ఉండే అక్షరాలూ అంకెలూ చూడండి అంటాను. అవే స్ట్రెయిన్ గుర్తు. అది రాయని డబ్బా మీద నాకు నమ్మకం కుదరదు.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం, బయట ఎవరూ పెద్దగా మాట్లాడనిది. ఒకే స్ట్రెయిన్‌ని ఎలా పెంచారన్నదాన్ని బట్టి దాని ఓర్పు మారిపోతుంది. వేగంగా పెరుగుతున్న దశలో ఉన్న కణాలు సుకుమారంగా ఉంటాయి. ఆహారం తగ్గి, తాము వదిలిన లాక్టిక్ యాసిడ్‌లోనే మగ్గి, పెరుగుదల ఆగిన దశకి చేరిన కణాలు గట్టిపడతాయి. చావనంత మోతాదులో యాసిడ్ తగిలినప్పుడు అవి పంపుల్ని పెంచుకుంటాయి, చెదిరిన ప్రోటీన్లని మళ్లీ మడతపెట్టే గ్రోఈఎల్ (GroEL), డ్నాకే (DnaK) లాంటి సహాయక ప్రోటీన్లని తయారుచేసుకుంటాయి, డీఎన్ఏని బాగుచేసే ఎంజైముల్ని సిద్ధం చేసుకుంటాయి, పొరలోని కొవ్వు ఆమ్లాల రకాన్ని కూడా మార్చుకుంటాయి. ఆ తర్వాత నిజంగా ఘాటైన యాసిడ్ తగిలినా నిలబడతాయి.

దీని మీద ఒక అనుభవం చెప్తాను. కొన్నేళ్ల కిందట మాకు ఒక తయారీదారు నుంచి పొడి వచ్చేది. ఒకసారి వాళ్లు పెంచే పద్ధతి మార్చారు. ట్యాంకులో పీహెచ్ పడిపోకుండా క్షారం పోస్తూ 6 దగ్గర పట్టి ఉంచారు, పైగా మునుపటి కంటే కొన్ని గంటల ముందే కణాల్ని తీసేశారు. గ్రాముకి కణాల లెక్క రెట్టింపైంది, అందరూ సంతోషించారు. యాసిడ్ పరీక్షలో మాత్రం మునుపటి పొడి పదో వంతుకి తగ్గితే, కొత్త పొడి పదివేలో వంతుకి పడిపోయింది. అదే స్ట్రెయిన్, అదే పేరు, డబ్బా మీద ఇంకా పెద్ద అంకె. మేం మూడు వారాలు మా పరీక్షలోనే ఏదో తప్పుందనుకుని మళ్లీ మళ్లీ చేశాం. చివరికి పెంచే పద్ధతి మారిందని వాళ్ల నోట వచ్చాక గానీ చిక్కు విడలేదు. పీహెచ్‌ని చివర్లో కాసేపు దిగనిచ్చి, పెరుగుదల ఆగాక తీయడం మొదలుపెట్టేసరికి ఓర్పు తిరిగొచ్చింది. లేబుల్ మీది కోట్ల అంకె ఒక్కటే చూసి కొనేవాళ్లకి నేను ఈ సంగతే చెప్తుంటాను.

పొర గురించి కూడా ఒక మాట. యాసిడ్‌లో పెరిగిన కణాలు పొరలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాల్ని చాలా సందర్భాల్లో సైక్లోప్రొపేన్ రూపంలోకి మార్చుకుంటాయి, దాంతో ప్రోటాన్లు చొరబడడం కష్టమవుతుందని భావిస్తారు. పెంచే ద్రవంలో ట్వీన్ 80 అనే సబ్బులాంటి పదార్థం వేస్తాం, అందులో ఉండేది ఒలీయిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లమే, కణాలు దాన్ని తీసుకుని పొరలో వాడుకుంటాయి. ట్వీన్ వేసి పెంచినవి, వేయకుండా పెంచినవి పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ల్యాబ్‌లో పనిచేసే వాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక సూచన: ఆ పెంచే ద్రవాన్నే పీహెచ్ 2కి దించి అందులో పరీక్ష చేయకండి. అందులో గ్లూకోజ్ ఉంటుంది, ఎసిటేట్ ఉంటుంది, కణాలకి అది పుట్టిల్లు లాంటిది, ఫలితం ఉన్నదానికంటే అందంగా వస్తుంది. ఉత్త ఉప్పునీళ్లు ఆ చివర, ఇది ఈ చివర. అసలు కడుపు ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది.

లెక్కపెట్టడంలో ఇంకో చిక్కుంది. యాసిడ్ తగిలిన కణాల్లో కొన్ని చావవు, దెబ్బతింటాయి. వాటిని వెంటనే పైత్య లవణాలు (పైత్యరసంలో ఉండేవి) కలిపిన అగార్ (ప్లేట్లలో పోసే జెల్లీ) మీద వేస్తే పెరగవు, మనం చచ్చాయని రాసుకుంటాం. గంటసేపు మంచి ద్రవంలో తేరుకోనిచ్చి మామూలు అగార్ మీద వేస్తే వాటిలో చాలా లేచి కూర్చుంటాయి. కాకపోతే దీన్ని మరీ సంతోషంగా చూడక్కర్లేదు, ఎందుకంటే నిజంగా కడుపు దాటగానే చిన్నపేగు మొదట్లో ఎదురయ్యేది పైత్యరసమే, తేరుకునే గంట అక్కడ ఎవరూ ఇవ్వరు. యాసిడ్‌ని దాటడం సగం పని మాత్రమే. పైత్య లవణాలు కొవ్వుని కరిగించినట్టే బ్యాక్టీరియా పొరనీ కరిగిస్తాయి. యాసిడ్‌కి పొర బలహీనపడిన కణం అక్కడ తేలిగ్గా పోతుంది. పైత్య లవణాల్ని విరగ్గొట్టే ఎంజైమ్ చాలా పేగు లాక్టోబాసిల్లస్‌లలో, బిఫిడోబాక్టీరియం అనే మరో ప్రోబయోటిక్ వర్గంలో ఉంటుంది. మంచి స్ట్రెయిన్లని ఎంచేటప్పుడు రెండు పరీక్షలూ ఒకదాని వెంట ఒకటి పెట్టేది అందుకే. 1983లో గోర్బాక్, గోల్డిన్ అనే పరిశోధకులు మనుషుల పేగుల నుంచి వేరుచేసిన జీజీ స్ట్రెయిన్‌ని కూడా యాసిడ్‌నీ పైత్యరసాన్నీ తట్టుకునే గుణం చూసే ఎంచుకున్నారు.

ఇక రకాల వారీగా నా అంచనా.

లాక్టోబాసిల్లస్ రకాలు మొత్తమ్మీద యాసిడ్‌కి అలవాటుపడినవే, అసిడోఫిలస్ అనే పేరుకి అర్థమే యాసిడ్‌ని ఇష్టపడేది అని. రామ్నోసస్, ప్లాంటారమ్, రియుటెరిలలో మంచి స్ట్రెయిన్లు గట్టివి. 2020లో ఈ పెద్ద కుటుంబాన్ని 25 ప్రజాతులుగా విడగొట్టారు కాబట్టి కొత్త డబ్బాల మీద లాక్టికేసీబాసిల్లస్ రామ్నోసస్ అనో, లిమోసిలాక్టోబాసిల్లస్ రియుటెరి అనో కనిపిస్తే కంగారుపడకండి, పాత బ్యాక్టీరియానే. బిఫిడోబాక్టీరియంలు చాలావరకు యాసిడ్‌కి బలహీనం, లాంగమ్, బ్రెవే లాంటివి పీహెచ్ 2 దగ్గర త్వరగా పడిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. వాటిలో యానిమలిస్ ఉపజాతి లాక్టిస్ ఒక్కటి వేరే దినుసు, యాసిడ్ తగలగానే పంపుని పెంచుకోగలదు, ఆక్సిజన్‌ని కూడా కాస్త ఓర్చుకుంటుంది. బిఫిడో కలిపిన పాల ఉత్పత్తుల్లో అది అంత తరచుగా కనిపించడానికి ఇదొక పెద్ద కారణం.

బాసిల్లస్ రకాలు, అంటే కోయాగులాన్స్, క్లాసీ, సబ్టిలిస్, అసలు ఈ పోరాటంలోకే దిగవు. వాటిని స్పోర్లుగా ఇస్తారు. స్పోర్ అంటే నీళ్లు దాదాపు ఇగిరిపోయిన గర్భం, దాని నిండా కాల్షియంతో కట్టుబడిన డైపికోలినిక్ యాసిడ్, చుట్టూ పొరల మీద పొరలు. జీవక్రియ ఆగి నిద్రలో ఉంటుంది కాబట్టి పంపూ అక్కర్లేదు, ఇంధనమూ అక్కర్లేదు, పేగులో పరిస్థితి బాగుంటే మొలకెత్తుతుంది. కోయాగులాన్స్‌ని లాక్టోబాసిల్లస్ స్పోరోజెనిస్ అనే తప్పు పేరుతో ఇప్పటికీ కొన్నిచోట్ల అమ్ముతారు, లాక్టోబాసిల్లస్‌కి స్పోర్లు ఉండవు. సాకరోమైసిస్ బౌలార్డి అయితే బ్యాక్టీరియానే కాదు, ఈస్ట్. 1923లో హెన్రీ బౌలార్డ్ లిచీ, మాంగోస్టీన్ పండ్ల నుంచి దాన్ని వేరుచేశారు. యాసిడ్‌కి పెద్దగా జంకదు, బ్యాక్టీరియాని చంపే యాంటీబయాటిక్స్ దాన్ని ఏమీ చేయవు.

మరి స్పోర్లే తీసుకుంటే సరిపోతుంది కదా అని మీరు అడగొచ్చు. బతకడం వేరు, మేలు చేయడం వేరు. కడుపు దాటడం ఒక అర్హత మాత్రమే. ఏ సమస్యకి ఏ స్ట్రెయిన్ మనుషుల మీద పనిచేసినట్టు తేలిందో అదే అసలు కొలత, యాసిడ్ పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చింది కదా అని దాన్నే మింగితే లాభం లేదు. దీనికి ఎదురు ఉదాహరణ పెరుగులోనే ఉంది. యోగర్ట్ తయారుచేసే బల్గారికస్, థర్మోఫిలస్ రెండూ కడుపు, పైత్యరసం దాటేసరికి బాగా తగ్గిపోతాయి. అయినా పాలు పడనివాళ్లకి యోగర్ట్ నయంగా ఉంటుంది, ఎందుకంటే ఆ కణాలు చిన్నపేగులో పగిలిపోయి లోపలున్న లాక్టేజ్ ఎంజైమ్‌ని వదులుతాయి, అది లాక్టోజ్‌ని విరగ్గొడుతుంది. ఆ ఎంజైమ్‌ని కడుపులోని యాసిడ్ నుంచి అక్కడిదాకా కాపాడింది ఆ కణం గోడే. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో సమర్థించిన అతికొద్ది వాదనల్లో ఇదొకటి, గ్రాముకి కనీసం పది కోట్ల సజీవ కణాలు ఉండాలన్న షరతుతో.

ఇక కడుపు వైపు నుంచి చూద్దాం. పీహెచ్ 2 అనేది ఖాళీ కడుపు మాట. తినగానే ఆహారం, ముఖ్యంగా ప్రోటీన్, ప్రోటాన్లని పీల్చుకుని పీహెచ్‌ని 4కో 5కో ఎక్కిస్తుంది, తర్వాత రెండు మూడు గంటల్లో మళ్లీ మెల్లగా దిగుతుంది. పీహెచ్ 2కీ 4కీ మధ్య తేడా రెండు రెట్లు కాదు, వంద రెట్లు. పరీక్షలకి వాడే ద్రవాల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. మందుల పరీక్షకి వాడే పాత పద్ధతి కృత్రిమ జఠరరసం పీహెచ్ 1.2, ఆహారం జీర్ణమవడాన్ని చూసే ఇన్ఫోజెస్ట్ పద్ధతిలో కడుపు దశ పీహెచ్ 3, రెండు గంటలు. ఒకే కల్చర్ మొదటిదాంట్లో పూర్తిగా చచ్చి, రెండోదాంట్లో చక్కగా బతకొచ్చు. రెండు కంపెనీల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చేముందు ఇది గుర్తుపెట్టుకోండి.

వేసుకునే సమయం మీద 2011లో కెనడా పరిశోధకులు ఒక కృత్రిమ జీర్ణవ్యవస్థలో చూశారు. భోజనంతో పాటు, లేదా అరగంట ముందు ఇచ్చిన బ్యాక్టీరియా బాగా బతికాయి, భోజనం అయిన అరగంటకి ఇచ్చినవి తక్కువ బతికాయి. కొద్దిగా కొవ్వున్న పాలతో ఇచ్చినప్పుడు ఉత్త నీళ్లతోనో ఆపిల్ రసంతోనో ఇచ్చినదానికంటే నయం. బౌలార్డి ఈస్ట్‌కి ఏ సమయమైనా ఒకటే. “ఉత్త నీళ్లు ఖాళీ కడుపులోంచి గబగబా దిగిపోతాయి కదా, కాబట్టి పరగడుపే మంచిది” అనే వాదన కూడా వింటుంటాం. నీళ్లు త్వరగా దిగేమాట నిజమే, కానీ ఆ పది ఇరవై నిమిషాలూ కణాలు ఏ రక్షణా, ఏ ఇంధనమూ లేకుండా యాసిడ్‌లో ఉంటాయి. పైగా ఆరబెట్టిన పొడిలోని కణాలు అప్పుడే నీళ్లు పీల్చుకుని పొర సర్దుకుంటున్న దశలో ఉంటాయి, ఆ క్షణంలో అవి మామూలు కంటే బలహీనం. నా ఓటు భోజనంతో పాటే. మీ డబ్బా మీద వేరేగా రాసి ఉంటే మాత్రం వాళ్లు చెప్పినట్టే చేయండి, వాళ్ల పూత వేరే రకం అయ్యుండొచ్చు.

యాసిడ్ తగ్గించే మాత్రలు వేసుకుంటే ఇవి ఎక్కువ బతుకుతాయి కదా అని కొందరు అడుగుతుంటారు. బతుకుతాయి. కానీ దాని కోసం ఆ మాత్రలు వేసుకోకండి. కడుపులోని యాసిడ్ మనకి కాపలా, అది తగ్గితే మంచివాటితో పాటు జబ్బు చేసే బ్యాక్టీరియా కూడా తేలిగ్గా దాటతాయి. డాక్టర్ వేరే కారణానికి రాసిచ్చి ఉంటే అది వేరే మాట. అలాగే బాగా రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, పెద్ద రక్తనాళంలో గొట్టం పెట్టించుకున్నవాళ్లు, నెలలు నిండని పిల్లలు ఉన్న ఇళ్లలో డాక్టర్‌ని అడగకుండా ఏ ప్రోబయోటిక్కూ, ముఖ్యంగా బౌలార్డి, మొదలుపెట్టకండి. సజీవంగా చేరడం అనేది అలాంటివాళ్లలో ప్రమాదం కూడా కావచ్చు.

చివరిగా మీ క్యాప్సూల్ ప్రశ్న. డబ్బా మీద ఎంటెరిక్ కోటెడ్ అనో, ఆలస్యంగా విడుదలయ్యేది అనో రాసి ఉంటే విప్పకండి, నమలకండి. ఆ పూత యాసిడ్‌లో కరగకుండా, పీహెచ్ 5.5 పైన ఉండే చిన్నపేగులో కరిగేలా చేసింది, విప్పితే ఆ ఖర్చంతా వృథా. మామూలు క్యాప్సూల్ అయితే విప్పొచ్చు, కానీ ఉత్త నీళ్ల కంటే చల్లని లేదా గోరువెచ్చని పాలలోనో పెరుగులోనో కలుపుకోండి. వేడిగా ఉన్నదాంట్లో మాత్రం వద్దు, స్పోర్లు తప్ప మిగతావి యాసిడ్ దాకా వెళ్లకుండా ఆ కప్పులోనే పోతాయి. పుల్లటి పండ్ల రసంలో కలిపి పక్కన పెట్టొద్దు, అందులో పీహెచ్ 3.5 దగ్గర బలహీనమైన యాసిడ్లు ఉంటాయి, అవి కణంలోకి ఎలా జారిపోతాయో పైన చెప్పాను. దేంట్లో కలిపినా కలిపిన వెంటనే తాగేయండి. తేమ తగిలాక కణాలు మేలుకుంటాయి, ఉన్న కాస్త ఇంధనాన్ని గ్లాసులోనే ఖర్చుపెట్టేస్తే కడుపులో తోడిపోయడానికి ఏమీ మిగలదు.